మొదటి పుట్టినరోజు ఎక్కడ చేద్దాం? హాలు కన్నా ముందు బిడ్డ నిద్ర వేళ చూడండి

మా పెద్దవాడి మొదటి పుట్టినరోజు ఆల్బమ్‌లో కేక్ కోస్తున్న ఫొటో ఒకటుంది. అందులో వాడు నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. మా ఆయన వాడి చెయ్యి పట్టుకుని కత్తి మీద ఆనించారు. చుట్టూ అందరూ కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. టైము రాత్రి తొమ్మిదీ పది. కార్డులో ఏడు గంటలకని వేశాం. ఎనిమిదిన్నర దాకా హాలు నిండలేదు. వరంగల్ నుంచి వస్తున్న మా ఆడపడుచు వాళ్ళు హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయారు. మేనత్త రాకుండా ఎలా కోస్తాం? మా అత్తగారు మాత్రం రెండుసార్లు చెప్పారు: "పిలగానికి నిద్రొస్తున్నది, ఇగ కోసెయ్యుండ్రి." మేం వినలేదు. కేక్ కోయగానే ఎవరో పార్టీ పాపర్ పేల్చారు. వాడు ఉలిక్కిపడి లేచి ఏడవడం మొదలుపెట్టాడు. డ్రెస్సింగ్ రూమ్‌లోకి తీసుకెళ్ళి లైటు ఆర్పి పాలిస్తే గానీ ఊరుకోలేదు. వచ్చినవాళ్ళలో సగం మంది వాడిని ఎత్తుకోకుండానే భోంచేసి వెళ్ళిపోయారు.

మా చిన్నదానికి మాత్రం ఆదివారం పదకొండు గంటలకు, మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో చేశాం. ఖర్చు సగం కూడా కాలేదు. కానీ నేను చెప్పాలనుకున్నది ఖర్చు గురించి కాదు. ఆ రోజు ఆ పిల్ల నాయనమ్మ ఒళ్ళో కూర్చుని పప్పన్నం తిన్నది. బెలూన్ చూసి చప్పట్లు కొట్టింది. వచ్చిన డెబ్భై మందిలో దాదాపు అందరూ దాని నవ్వు చూశారు.

ఈ రెండింటికీ తేడా హాల్లో లేదు, పూటలో ఉంది. మనలో చాలామంది పుట్టినరోజు రెండు నెలలుందనగానే హాళ్ళు చూడటం మొదలుపెడతాం. హాలు ఏ పూట ఖాళీగా ఉందంటే ఆ పూటకు ఒప్పుకుంటాం. హాలు ఎంత పెద్దదైతే అంతమందిని పిలుస్తాం. ఇది తిరగేసి చేయాలి. ముందు పూట, తర్వాత పేర్లు, ఆ తర్వాతే చోటు. ఇంట్లోనా, అపార్ట్‌మెంట్ హాల్లోనా, రెస్టారెంట్‌లోనా, ఫంక్షన్ హాల్లోనా అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే. ఏ చోటులో ఏం లాభం, ఏం ఇబ్బంది అనేవి కూడా ఈ మూడూ దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

పూట

ఏడాది పిల్లలకు రోజుకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ వయసులో చాలామంది పగలు ఇంకా రెండుసార్లు పడుకుంటారు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఒక నిద్ర లేచాక హుషారుగా ఉండేది మూడు, మూడున్నర గంటలు. ఆ తర్వాత చూడండి, కళ్ళు నలుపుకోవడం, చెవి లాక్కోవడం, ఎవరు తీసుకున్నా జారిపోవడం మొదలవుతుంది. మీ బిడ్డ ఎప్పుడు పడుకుంటుందో, ఎప్పుడు లేస్తుందో ఒక వారం కాగితం మీద రాసి పెట్టండి. పది, పదిన్నరకు లేచే పిల్ల అయితే పదకొండు నుంచి ఒంటిగంట దాకా మీ చేతిలో బంగారం లాంటి సమయం ఉన్నట్టు. మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి లేస్తే నాలుగున్నర నుంచి ఆరున్నర. ఎలా లెక్క వేసినా రాత్రి ఎనిమిది ఈ లెక్కలోకి రాదు.

ఆఫీసువాళ్ళు పగలు రాలేరు కదా అంటారు. ఆదివారం వస్తారు. పైగా హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి. అదే శుక్రవారం సాయంత్రం హైటెక్ సిటీ నుంచి దిల్‌సుఖ్‌నగర్ రమ్మంటే వాళ్ళకూ నరకం, మీకూ టెన్షన్.

ఇంకో సంగతి. ఎనిమిదో నెల దాటాక పిల్లలకు కొత్త ముఖాలంటే భయం మొదలవుతుంది, ఏడాది వయసుకు అది బాగా ఎక్కువగా ఉంటుంది. నిన్నటిదాకా అందరి దగ్గరికీ వెళ్ళిన పిల్ల ఇవాళ బాబాయి ఎత్తుకున్నా ఏడుస్తుంది. అది మంకుతనం కాదు, ఎదుగుదలలో భాగం. నూట యాభై మంది వరసగా వచ్చి బుగ్గలు గిల్లితే ఏ పిల్లకైనా భయమేస్తుంది. చోటు ఎంచుకునేటప్పుడు ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

పెద్దవాళ్ళున్న ఇంట్లో తిథి మాట వస్తుంది. మన చాంద్రమాన లెక్కలో పుట్టినరోజు తిథి ఇంగ్లీషు తేదీకి దాదాపు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. మధ్యలో అధికమాసం వస్తే తేదీ దాటిపోయి పద్దెనిమిది, పంతొమ్మిది రోజుల తర్వాత వస్తుంది. 2026లో జ్యేష్ఠం అధికమాసం కాబట్టి ఆ ఏడాది చాలా ఇళ్ళలో ఈ లెక్క మీద చర్చ తప్పదు. దీనికి గొడవ పడాల్సిన పనే లేదు. తిథి రోజున ఇంట్లో తలంటు పోసి, అక్షింతలు వేసి, కావాలంటే ఆయుష్య హోమం చేయించండి. నువ్వులు, బెల్లం కలిపిన పాలు మార్కండేయుడికి నైవేద్యం పెట్టే ఆనవాయితీ మీ ఇంట్లో ఉంటే అదీ ఆ పూటే కానివ్వండి. కేక్, స్నేహితులు, భోజనాలు ఆదివారానికి పెట్టుకోండి. మా ఇంట్లో అలా విడదీసినప్పుడే మా అత్తగారికి ఆ హోమం దగ్గర తృప్తిగా కూర్చునే వీలు దొరికింది.

పేర్లు

ఒక కాగితం మీద గీత గీయండి. గీతకు ఎడమవైపు ఈ ఏడాదిలో మీ బిడ్డను ఎత్తుకున్నవాళ్ళ పేర్లు రాయండి. పురిటికి తోడున్న పిన్ని, అర్ధరాత్రి జ్వరం వస్తే కారు తీసిన ఎదురింటి అన్నయ్య, నీళ్ళు పోసిన ఆయమ్మ, వాచ్‌మన్ భార్య, మీ అక్క, మీ తమ్ముడు. కుడివైపు పిలవకపోతే బాగుండదు అనుకునేవాళ్ళు. వాళ్ళు మనల్ని పిలిచారు, మనం వెళ్ళాం, ఇప్పుడు మనం పిలవాలి.

ఎడమవైపు పేర్లు చాలా ఇళ్ళలో ముప్పై, నలభై దాటవు. చోటు వాళ్ళకు సరిపోయేలా ఎంచుకోండి. కుడివైపు వాళ్ళను పిలవొద్దని నేను అనడం లేదు. బంధువుల పిలుపులు ఒక ఇంటిని ఇంకో ఇంటితో కట్టి ఉంచుతాయి, వాటిని తేలిగ్గా తీసేయకూడదు. కానీ ఆ దావత్ బిడ్డ నిద్రపోయే వేళకే, బిడ్డ తలపైనే జరగాలని లేదు. మా తమ్ముడు తన ఆఫీసువాళ్ళకు ఇంకో రోజు మధ్యాహ్నం బిర్యానీ భోజనం పెట్టాడు, పాపను అరగంట తీసుకొచ్చి చూపించి పంపేశాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

పేర్లు రాసేటప్పుడే ఎవరు ఎటు నుంచి వస్తారో పక్కన రాయండి. వరంగల్ వైపు బస్సులు ఉప్పల్ మీదుగా వస్తాయి. కరీంనగర్ వైపువి సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్‌స్టేషన్‌కు, అంటే జేబీఎస్‌కు వస్తాయి. విజయవాడ, నల్గొండ వైపువి ఎల్బీనగర్ మీదుగా మహాత్మా గాంధీ బస్‌స్టేషన్‌కు, అంటే ఎంజీబీఎస్‌కు చేరతాయి. ఈ నాలుగు చోట్లా మెట్రో ఉంది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ ఒక లైను, నాగోల్ నుంచి రాయదుర్గం ఉప్పల్ మీదుగా ఇంకోటి, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మూడోది. చోటు మెట్రో స్టేషన్‌కు దగ్గరగా ఉంటే ఊరి నుంచి వచ్చే పెద్దవాళ్ళు మధ్యాహ్నం భోంచేసి సాయంత్రానికి ఇల్లు చేరతారు. రాత్రి పదింటికి ముగిసే ఫంక్షన్ అయితే వాళ్ళ పడకలు కూడా మీరే చూడాలి.

ఇంట్లో

పాతిక, ముప్పై మంది వరకూ ఇంటిని మించింది లేదు. బిడ్డకు తెలిసిన గోడలు, తెలిసిన వాసన, తన ఊయల. అన్నిటికన్నా విలువైనది తలుపు వేసుకోగలిగిన ఒక గది. పిల్ల చిరాకు పడగానే లోపలికి తీసుకెళ్ళి పది నిమిషాలు ఊపితే మళ్ళీ నవ్వుతూ వస్తుంది. ఏ హాల్లోనూ ఆ సౌకర్యం అంత తేలిగ్గా దొరకదు.

ఇబ్బంది ఒక్కటే, పనంతా తల్లి మీద పడుతుంది. ఇంట్లో చేస్తే ఖర్చు తక్కువ అని మగవాళ్ళు లెక్క వేసేటప్పుడు ఈ చాకిరీ ఆ లెక్కలో ఉండదు. కాబట్టి ఇంట్లో చేయాలనుకుంటే వంట బయటి నుంచి తెప్పించండి. ముప్పై మందికి పులిహోర, పప్పు, రెండు కూరలు, సాంబారు, పెరుగు, బూరెలు చేసి గిన్నెలతో పంపే క్యాటరింగ్ వాళ్ళు ప్రతి కాలనీలో ఉన్నారు. కుర్చీలు, బల్లలు, పెద్ద గిన్నెలు టెంట్ హౌస్ నుంచి అద్దెకు తెచ్చుకోండి. విస్తరాకులు వాడితే అంట్ల బాధ ఉండదు. పని చేసే ఆమెను ఆ ఒక్కరోజు సాయంత్రం దాకా ఉండమని, దానికి తగ్గ డబ్బు ముందే మాట్లాడుకోండి. ఆమె పేరు ఎడమవైపు ఉంటే ఆమెకూ కుర్చీ వేసి వడ్డించండి.

అలంకరణకు ఈవెంట్ వాళ్ళు అక్కర్లేదు. ముందురోజు తెల్లారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్తే బంతి, చామంతి కిలోల లెక్కన దొరుకుతాయి. గుమ్మానికి మామిడి తోరణం, గోడకు బంతిదండలు, వాటి మధ్య ఒక తాడు కట్టి బిడ్డ పన్నెండు నెలల ఫొటోలు, నెలకొకటి, క్లిప్పులతో వేలాడదీయండి. మా పాపకు నేను చేసింది అదే. పురిటి మంచం మీద ఎర్రగా ముడుచుకుని ఉన్న ఫొటో దగ్గర మా అమ్మ ఎంతసేపు నిలబడిపోయిందో. వచ్చినవాళ్ళంతా ఆ తాడు దగ్గరే ఆగి కబుర్లు చెప్పుకున్నారు.

ఇల్లు చిన్నదై, పార్కింగ్ లేని సందులో ఉండి, నలభై మంది దాటుతారంటే మాత్రం మొండికేయకండి. నడివేసవిలో టెర్రస్ మీద షామియానా వేద్దామనే ఆలోచన కూడా వద్దు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, షామియానా కింద అది ఇంకా ఉక్కగా ఉంటుంది.

అపార్ట్‌మెంట్ హాల్లో

నలభై నుంచి ఎనభై మందికి నా ఓటు దీనికే. ఇంటి లాభం, హాలు లాభం రెండూ ఇందులో ఉన్నాయి. మేం మూడో అంతస్తులో ఉంటాం, హాలు కింద. ఏం కావాలన్నా లిఫ్టులో ఒక నిమిషం. డైపర్ మార్చాలా, ఉగ్గు వేడి చేయాలా, పడుకోబెట్టాలా, పైకి వెళ్ళిపోవడమే.

అసోసియేషన్ వాళ్ళతో ముందే తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అద్దె ఎంత, డిపాజిట్ ఎంత, శుభ్రం చేయించే బాధ్యత ఎవరిది, కరెంటు పోతే జనరేటర్ హాలుకు కూడా వస్తుందా, వంటవాళ్ళకు నీళ్ళు ఎక్కడ, వచ్చినవాళ్ళ బండ్లు ఎక్కడ పెట్టాలి, గోడకు మేకులు, టేపులు వేయనిస్తారా. మా హాల్లో ఫ్యాన్లు నాలుగున్నాయి గానీ రెండే తిరుగుతాయని ముందురోజు వెళ్ళి చూస్తేనే తెలిసింది, అప్పటికప్పుడు టెంట్ హౌస్ నుంచి పెద్ద స్టాండు ఫ్యాన్లు తెప్పించాం. మీరు వారం ముందే ఒక మధ్యాహ్నం వెళ్ళి స్విచ్చులన్నీ వేసి చూసుకోండి.

హాల్లో ఒక మూల దుప్పట్లు, పరుపులు పరిచి, చెప్పులు విప్పి కూర్చునే చోటు చేయండి. నడక రాని పిల్లలు, అప్పుడే నడక నేర్చినవాళ్ళు అక్కడే ఆడుకుంటారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకు దాని పక్కనే నాలుగు కుర్చీలు వేస్తే పిల్లల్ని చూసేవాళ్ళు కూడా దొరికినట్టే. స్టేజీ మీద సింహాసనం లాంటి కుర్చీ కన్నా ఈ మూల వెయ్యి రెట్లు మేలు. కొత్త ముఖాలకు బెదిరే పిల్ల కింద కూర్చుని ఆడుకుంటూ ఉంటే, వచ్చినవాళ్ళే వంగి, కూర్చుని, మెల్లగా మాట కలుపుతారు. అప్పుడు తనే చేయి చాపుతుంది.

రెస్టారెంట్ పార్టీ హాలు

ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ఇంట్లో సాయానికి పెద్దవాళ్ళు ఎవరూ లేకపోతే ఇది మంచి దారి. ముప్పై నుంచి అరవై మంది, ఏసీ, వడ్డన, గిన్నెలు వాళ్ళవే. మీరు బిడ్డను ఎత్తుకుని వెళ్తే చాలు.

చూసుకోవాల్సింది హాలు విడిగా తలుపుతో ఉందా, లేక పెద్ద హాల్లోనే ఒక మూల అడ్డుతెర కట్టి ఇస్తున్నారా అన్నది. రెండోదైతే పక్కవాళ్ళ పాటలు, వెయిటర్ల అరుపులు అన్నీ మీ బిడ్డ చెవిలోనే. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత హైదరాబాద్‌లో పేరున్న బిర్యానీ హోటల్ ఏదైనా కిటకిటలాడుతుంది కాబట్టి పన్నెండింటికే మొదలుపెట్టే స్లాట్ అడగండి. కేక్ బయటి నుంచి తెచ్చుకోనిస్తారా అని, ఇచ్చిన టైము దాటితే అదనంగా ఎంత అని అడగండి. పిల్ల పాకడానికి చోటు ఉండదు, నేల మీద దించలేరు. అందుకని రెండు గంటలకు మించి పెట్టుకోకండి.

ఫంక్షన్ హాలు

నూట యాభై దాటితే తప్పదు. రెండు వైపులా పెద్ద కుటుంబాలున్నవాళ్ళకు, చాలా ఏళ్ళ తర్వాత ఇంట్లో బిడ్డ పుట్టినవాళ్ళకు అందరినీ పిలుచుకోవాలనే కోరిక ఉంటుంది, అది సహజం. మా పెద్దవాడికి మేం అలాగే చేశాం. హాలు ఎంచుకున్నందుకు నాకు బాధ లేదు, రాత్రి పూట ఎంచుకున్నందుకు ఉంది.

డబ్బు ఎక్కువగా పోయేది ప్లేట్ల గ్యారంటీ దగ్గర. లెక్క వేసి చూడండి. ప్లేటు 700 రూపాయలు, గ్యారంటీ 150 ప్లేట్లు అనుకుందాం. వచ్చింది 110 మందే. మిగతా 40 ప్లేట్లకు 28,000 రూపాయలు తినకుండానే కట్టాలి. అందుకని మీరు అనుకున్న సంఖ్య కన్నా బాగా తగ్గించి గ్యారంటీ ఇవ్వండి, పైన వచ్చినవాళ్ళకు ప్లేటుకింత అని రాయించుకోండి. ఐదేళ్ళలోపు పిల్లలకు ప్లేటు లెక్కిస్తారా, సగమా, అస్సలు లేదా అన్నది నోటి మాటగా కాక కాగితం మీద ఉండాలి. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా? మీ డెకరేషన్ వాళ్ళను తెచ్చుకుంటే రాయల్టీ పేరుతో హాలువాళ్ళు డబ్బు తీసుకుంటారా? జనరేటర్ డీజిల్, క్లీనింగ్, కరెంటు ఎవరివి? మిగిలిన అన్నం, కూరలు మీకు ఇస్తారా? ఈ ప్రశ్నలు అడ్వాన్సు ఇవ్వకముందు అడిగితే మర్యాదగా జవాబిస్తారు. ఇచ్చిన తర్వాత అడిగితే జవాబు వేరేలా ఉంటుంది.

బేరానికి మంచి వేళ ఒకటుంది. పెళ్ళి ముహూర్తాలు లేని రోజుల్లో, అంటే ఆషాఢంలో, మూఢంలో, హాళ్ళు ఖాళీగా ఉంటాయి. తేదీ ప్రకారం చేసే పుట్టినరోజుకు ముహూర్తంతో పనిలేదు కాబట్టి మీ తేదీ ఆ రోజుల్లో పడితే గట్టిగా బేరమాడండి. అదే శ్రావణంలోనో మాఘంలోనో పడితే రెండు, మూడు నెలల ముందే బుక్ చేసుకోకపోతే దొరకదు. రాత్రి స్లాట్ కన్నా మధ్యాహ్నం స్లాట్ తక్కువకు ఇచ్చే హాళ్ళు కూడా ఉన్నాయి, అడిగి చూడండి. బిడ్డకు కావాల్సింది కూడా ఆ పూటే.

గది ఉన్న హాలే తీసుకోండి. లోపల గడియ, ఫ్యాను, మంచం లేదా పరుపు వేసే చోటు, బయటి స్పీకర్ మోత వినపడనంత దూరం. డీజే ఉంటే స్పీకర్లు స్టేజీ వైపు తిప్పొద్దని చెప్పండి. రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదన్న నియమం 2000 సంవత్సరం నుంచీ ఉంది, పిల్లకు మాత్రం ఎనిమిదింటికే ఆ మోత భరించలేనిది.

ఫార్మ్ హౌస్, గుడి, ఆశ్రమం

మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట్ వైపు ఫార్మ్ హౌస్‌లు ఫొటోల్లో అందంగా ఉంటాయి. ఏడాది పిల్లకు నేను వద్దనే చెబుతాను. అప్పుడే అడుగులు వేస్తున్న పిల్ల, చుట్టూ కంచె లేని స్విమ్మింగ్ పూల్, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకునే జనం. ఈ మూడూ ఒకచోట చేరితే ఏం జరుగుతుందో రాయడానికి కూడా నాకు మనసొప్పదు. సాయంత్రమైతే దోమలు, దగ్గర్లో పిల్లల డాక్టరు ఉండరు. మూడో ఏటో ఐదో ఏటో చేసుకోండి.

గుడిలో చేయాలనుకుంటే ఆ రోజు దానికే కేటాయించండి. పుట్టువెంట్రుకలు ఏడాది లోపు తీయించే ఆనవాయితీ ఉన్నవాళ్ళు యాదగిరిగుట్టకో, వేములవాడకో, తిరుమలకో వెళ్తారు. పొద్దున గుండు, సాయంత్రం కేక్ అని ఒకే రోజులో ఇరికించకండి. క్యూ, ప్రయాణం, కత్తెరకు ఏడుపు, తలస్నానం అయ్యేసరికే బిడ్డ అలసిపోతుంది. అదే రోజు చెవులు కూడా కుట్టించేద్దాం అనే పెద్దవాళ్ళకు మెల్లగా నచ్చజెప్పండి.

ఆశ్రమాల్లో భోజనం పెట్టించడం మంచి పని. ముందు ఫోన్ చేసి వాళ్ళకు ఏం కావాలో అడగండి. పుట్టినరోజుల కేకులు వాళ్ళకు చాలా వస్తాయి, బియ్యం, నూనె, సబ్బులు, నోట్‌బుక్కులు తక్కువగా వస్తాయి. అక్కడి పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీయకండి. అలాంటి పిల్లల వివరాలు, ఫొటోలు మీడియాలో బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కూడా చెబుతోంది. చట్టం లేకపోయినా మన బిడ్డ ఫొటో వాళ్ళెవరో అలా పెడితే మనకెలా ఉంటుందో ఆలోచిస్తే చాలు.

చోటు ఏదైనా సరే

గ్యాస్ బెలూన్లు వద్దు. మన దగ్గర బెలూన్లు అమ్మేవాళ్ళలో చాలామంది నింపేది హైడ్రోజన్. కొవ్వొత్తి దగ్గరికి ఆ గుత్తి వచ్చిందంటే భగ్గుమంటుంది. నురగ స్ప్రేలు కూడా మంట దగ్గర అంటుకుంటాయి, కొవ్వొత్తి వెలిగి ఉన్నప్పుడు పిల్లల చేతిలో ఉండనివ్వకండి. గాలి నింపిన మామూలు బెలూన్లు గోడకు ఎత్తులో కట్టండి. పగిలిన ముక్క నేల మీద కనిపిస్తే వెంటనే తీసేయండి, ఈ వయసు పిల్లలు దొరికింది నోట్లో పెట్టుకుంటారు, ఆ రబ్బరు ముక్క గొంతులో అంటుకుపోతే ఊపిరి ఆడదు. పాపర్లు, స్పార్క్‌లర్లు డెకరేషన్ ప్యాకేజీలో ఉంటే తీసేయమనండి.

కేక్ క్రీము వేలితో తీసి బిడ్డ నోట్లో పెట్టడం మన వాళ్ళకు ముద్దు. రెండేళ్ళు నిండేదాకా చక్కెర పెట్టకపోవడమే మంచిదని పిల్లల డాక్టర్లు చెబుతారు. నేను అందరికీ చెప్పలేక, అరటిపండు, రాగిపిండితో ఇంట్లో చేసిన చిన్న కేక్ పాప ముందు పెట్టాను. ఎవరికి తినిపించాలని ముచ్చటేసినా అందులోంచే చిదిమి పెట్టారు. ఎవరి ముచ్చటా కాదనాల్సి రాలేదు. జీడిపప్పు, బాదం, ద్రాక్షపళ్ళు, పాప్‌కార్న్ పిల్లల అందుబాటులో ఉండకూడదు. తేనె ఏడాది నిండకముందు అస్సలు నాకించకూడదు, అందుకే తిథి ప్రకారం పుట్టినరోజు ముందుగా వస్తే హోమంలో పంచామృతం ఇచ్చేటప్పుడు పంతులుగారికి ముందే చెప్పి ఉంచండి. తన పప్పన్నం డబ్బా మాత్రం మరచిపోకండి, బిడ్డ తిన్నాకే కేక్.

పన్నెండో నెలకు టీకాలు ఉంటే ఫంక్షన్‌కు ముందురోజు వేయించకండి, జ్వరం వస్తే ఆ రోజంతా పోతుంది. మీ డాక్టరును అడిగి వారం ముందో, తర్వాతో పెట్టుకోండి. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ముద్దులు పెట్టకుండా చూడటం తండ్రి పని. తల్లి చెబితే నొచ్చుకుంటారు, తండ్రి చెబితే సర్దుకుంటారు, మా ఇంట్లో అయితే అంతే.

బట్టల మాట. మా పెద్దవాడికి షేర్వానీ వేశాం, విప్పాక చూస్తే మెడ చుట్టూ ఎర్రగా గీతలు. పాపకు కాటన్ లైనింగ్ వేసి కుట్టించిన పట్టు లంగా అరగంట, తర్వాత రెండు మెత్తటి గౌన్లు. మేనమామ పెట్టిన బంగారు ఉంగరం ఫొటో అయ్యాక తీసి దాచేయండి, అది కూడా నోట్లోకే పోతుంది.

రిటర్న్ గిఫ్ట్‌లకు బేగంబజార్ వెళ్ళండి. స్టీలు డబ్బాలు టోకు ధరకు దొరుకుతాయి, వచ్చిన ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి వాడతారు. చిన్న చిన్న ప్లాస్టిక్ బొమ్మలు వద్దు, అవి ఇంకో ఇంట్లో ఇంకో పాకే పిల్లకు దొరుకుతాయి.

చివరగా ఎవరికి ఏది అంటే, ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చి నాలుగు రోజులు ఉంటారు, పిలిచేది ముప్పై మంది అనుకుంటే ఇల్లు. అరవై, డెబ్భై మంది ఉండి అపార్ట్‌మెంట్‌లో హాలు ఉంటే రెండో ఆలోచన వద్దు. సాయం లేదు, ఇద్దరికీ సెలవు లేదు అంటే రెస్టారెంట్, మధ్యాహ్నం పన్నెండు. రెండు వైపులా వంద గడపలు పిలవాలంటే ఫంక్షన్ హాలు, కానీ మధ్యాహ్నం స్లాట్, గది ఉన్నది. రాత్రికి తప్ప హాలు దొరకడం లేదంటే తేదీ మార్చండి, పూట మార్చకండి.

ఇంకొక్క పని చేయండి. బిడ్డకు నిద్రొచ్చే వేళకు ఎవరు లోపలికి తీసుకెళ్ళాలో ముందురోజే ఒకరికి అప్పజెప్పండి. అమ్మనూ నాన్ననూ వచ్చినవాళ్ళు కదలనివ్వరు. మా ఇంట్లో ఆ పని మా చెల్లెలిది. ఒంటిగంటా పదికి పాప కళ్ళు నలుపుకోగానే నా చేతిలోంచి తీసుకుని లిఫ్ట్ ఎక్కింది. కింద రెండో పంక్తి లేచి పెరుగు దాకా వచ్చేసరికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది: పడుకుంది, ఇక మీరు తినండి.